సైకిల్ మీద శ్రీశైలం: తిండి, నీళ్ల సంగతి చెప్పండి

నాచారం సైకిలు:
అన్నలూ, సంక్రాంతి సెలవుల్లో నేనూ నా దోస్తూ హైదరాబాద్ నుంచి శ్రీశైలం సైకిళ్ల మీద పోదామనుకుంటున్నాం. 210 కిలోమీటర్ల పైనే, దారిలో టెంట్ వేసుకుని రెండు రాత్రులు. సైకిళ్లు రెడీ, టెంట్ రెడీ, టెన్షనంతా తిండి గురించే. వాడేమో గ్యాస్ స్టవ్, బియ్యం, పప్పు, కుక్కర్ పట్టుకుందాం అంటున్నాడు (కుక్కర్!). దారిలో దొరకదా? నీళ్లు ఎన్ని మోయాలి?

పాత క్యారియర్:
తమ్ముడూ, ముందు ఆ కుక్కర్ ఇంట్లో పెట్టి రండి. కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి, ఎక్కడైనా పొద్దున్నే బండి మీద ఇడ్లీ, పూరీ దొరుకుతాయి, మధ్యాహ్నం మెస్ ఉంటుంది. కాకపోతే మూడు దాటితే అన్నం అయిపోతుంది, పండగ రోజు చిన్న హోటళ్లు తీయనే తీయరు. నేనోసారి డిండికి మూడున్నరకు చేరా. ఎక్కడా మెతుకు లేదు. కిరాణా కొట్లో పావుకిలో అటుకులు కొని టిఫిన్ డబ్బాలో తడిపి, పెరుగు ప్యాకెట్ మూల పంటితో కొరికి అందులో పిండుకుని, కొట్టామె ఇచ్చిన ఉప్పు, పచ్చిమిరపకాయ నంజుకుని మెట్ల మీద కూర్చుని తిన్నా. అప్పట్నుంచి అటుకులు లేకుండా బండి తీయను.

అసలు చూసుకోవాల్సింది మన్ననూరు చెక్‌పోస్ట్ తర్వాత. అక్కడి నుంచి దోమలపెంట దాకా అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, వటవర్లపల్లి లాంటి ఒకటి రెండు చోట్లు తప్ప అంతా అడవే. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను వదలరు. లోపల టెంటూ వద్దు, పొయ్యీ వద్దు. మన్ననూరుకు ముందే ఏదైనా ఊళ్లో గుడి దగ్గరో బడి దగ్గరో అడిగి పడుకోండి, రాత్రే పొద్దుటి టిఫిన్ సంగతి మాట్లాడి పెట్టుకోండి. పులిహోర కట్టించుకుంటే ఇంకా మంచిది, మధ్యాహ్నం దాకా పాడవదు.

చెమట చుక్క:
నీళ్లు మనిషికి మూడు లీటర్లు, అదీ అడవి ముక్కకే. మిగతా దారిలో రెండు సీసాలు చాలు, ఊళ్లలో ప్లాంట్ నీళ్లు పట్టుకోవచ్చు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు లేకపోతే లీటరు నీళ్లకు ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, కొలిచి వేయండి, ఉప్పు అందాజాగా వేస్తే వాంతి వస్తుంది. దోమలపెంట దాటాక కృష్ణ దాకా దిగుడు, ఆ తర్వాత మళ్లీ ఎక్కుడు. ఆ ఎక్కుడుకు పల్లీ పట్టీలు దాచుకోండి. పైకి చేరాక దేవస్థానం అన్నదానం ఉంది.

లింగంపల్లి రైడర్:
అరటిపండ్లు హ్యాండిల్ బ్యాగులో పెట్టకండి భయ్యా. అడవిలో ఫోటో కోసం ఆగా, కోతి వచ్చి జిప్పు లాగి మరీ పండ్లన్నీ పట్టుకుపోయింది, పోతూ పోతూ నా కళ్లద్దాలు కూడా.

నాచారం సైకిలు:
కుక్కర్ క్యాన్సిల్ అన్నా! అటుకులు అరకిలో కొన్నాం. వాడు ఇప్పుడు ఆవకాయ సీసా అంటున్నాడు, గాజుది.

పాత క్యారియర్:
ఆవకాయ తెచ్చుకోనీ. సీసా మాత్రం ప్లాస్టిక్‌ది.