అప్‌డేట్: యూనివర్సిటీలో మా చెల్లిని "కోటా" అని వెక్కిరించిన విషయం, చివరికి ఏమైందంటే

రెండు నెలల కిందట అడిగాను, గుర్తుందా? ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వైపు నుంచి ఎమ్మెస్సీకి వెళ్లిన మా చెల్లిని క్లాసులో "కోటా" అని పిలుస్తున్నారు, ఇంటికి ఫోన్ చేసి మా గిరిజన భాష గోండిలో మాట్లాడితే నవ్వుతున్నారు, మానేసి వచ్చేస్తానంటోంది అని. ఇప్పటికి తేలింది. సలహా ఇచ్చినవాళ్లందరికీ థాంక్స్.

పనిచేసింది యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2012 నిబంధనల సంగతి చెప్పినవారి మాట. వాటి ప్రకారం యూనివర్సిటీలో సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉండాలి, ఫిర్యాదును 60 రోజుల్లో తేల్చాలి. హెచ్‌ఓడీకి (డిపార్ట్‌మెంట్ హెడ్‌కి) రెండుసార్లు నోటితో చెబితే "పిల్లలు సరదాకి అంటారమ్మా" అన్నారు. తేదీలతో సహా రాసిచ్చి, మన కాపీ మీద స్టాంపు వేయించుకున్నాకే ఫైలు కదిలింది.

అసలు మూలాన్ని ఆ వివక్ష నిరోధక అధికారే పట్టుకున్నారు. ల్యాబ్ గోడకు అంటించిన బ్యాచ్ లిస్టులో పేరు పక్కనే రిజర్వేషన్ కేటగిరీ కాలమ్! అడ్మిషన్ల ఎక్సెల్ షీటును అలాగే ప్రింట్ తీశారట. మాకూ అది తట్టలేదు, సిగ్గుగానే ఉంది. దాన్ని తీసేయించారు. ఇద్దరు అబ్బాయిల చేత క్షమాపణ రాయించారు.

కొందరు చెప్పినట్టు హాస్టల్ మార్చే పని పడలేదు. ఇంగ్లిష్ కోచింగ్ సలహా అయితే అసలు సంబంధం లేనిది, తన మార్కులు మొదటినుంచీ బాగానే ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద కేసు వద్దని చెల్లే అంది.

నిన్న కొత్త లిస్టు ఫోటో పంపింది. నంబరు, పేరు, అంతే.