పాపకు జంతువుల పేర్లు ఇంగ్లీషులో ఎలా నేర్పాలి?

ప్రశ్న (అమలాపురం): రెండో తరగతి పాప చార్టు చూసి జిరాఫీ, జీబ్రా గడగడా చెప్పేస్తుంది. పొలంగట్టు మీద కొంగను చూపిస్తే నోరు మెదపదు. ఏం చేయాలండీ?

జవాబు: చార్టు పక్కన పెట్టండి. రోజుకు మూడు చాలు, కంటికి కనబడేవే: గేదె బఫెలో, మేక గోట్, బాతు డక్. మర్నాడు వాటి పిల్లలు: కాఫ్, కిడ్, డక్లింగ్. కాఫ్‌లో ‘ఎల్’ రాయాలి, పలకకూడదు.

ఇంకొకరు: కొంగకు క్రేన్ అని నేర్పేస్తుంటారు, తప్పండీ. చేలల్లో తిరిగే తెల్లకొంగ ఈగ్రెట్. కొల్లేరు గూడబాతు కూడా డక్ కాదు, పెలికాన్. కోరింగ మడ అడవుల్లో నీటిపిల్లి ఫిషింగ్ క్యాట్.

మరొకరు: షీప్‌లో దీర్ఘం పోతే గొర్రె కాస్తా ఓడైపోతుంది! బహువచనమూ షీపే. ఆక్స్‌కి మాత్రం ఆక్సెన్.