కొత్త జోడీతో 420 (ఇద్దరు నడిపే చిన్న తెరచాప పడవ) రెగట్టా (పడవ పందేలు), ఇంకా 12 రోజులే ఉంది

గౌతమి_గట్టు:
మాది యానాం పక్కన. హైదరాబాద్‌లో చదువుకుంటూ హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ చేస్తున్నా. రెండేళ్లు నాకు క్రూగా (నేను చుక్కాని పడితే ముందు తెరచాప చూసుకునే జోడీగా) ఉన్నవాడు చదువు పేరు చెప్పి మానేశాడు, కోచ్ గారు అంతర్వేది వైపు అమ్మాయిని జత చేశారు. వాళ్లది చేపల వేటకెళ్లే ఇల్లు, గాలి మారితే నాకంటే ముందే పసిగడుతుంది, కానీ నోరు విప్పదు. కలిసి దిగింది నాలుగుసార్లే. మూడోసారి టాక్ (పడవ ముక్కు గాలికి ఎదురుగా దాటేలా రెండో వైపుకి తిరగడం) చేద్దామని "తిప్పుతున్నా" అన్నాను. తను ట్రాపీజ్ (నడుముకి తగిలించుకునే తీగ) మీద బయటికి వేలాడుతూ అలాగే ఉండిపోయింది, నేను చుక్కాని నెట్టేశాను, పడవ బోల్తా, ఇద్దరం సాగర్ నీళ్లు తాగాం (ఆ రుచి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు). అడిగితే, "మా నాన్న నావ మీద తిప్పడమంటే ఇంటికి మళ్లడమే, రేసు మధ్యలో ఇంటికెందుకో నాకర్థం కాలేదు" అంది. ఇప్పుడు సెలవులకి ఎవరిళ్లకి వాళ్లం వచ్చాం, ఇక్కడ 420 లేదు, తిరిగెళ్లిన నాలుగో రోజే రేసులు. ఏం చేయాలి?

పాత_క్రూ:
తప్పు ఆ అమ్మాయిది కాదు తమ్ముడూ, జవాబు రాకుండానే చుక్కాని నెట్టావు. "రెడీ?" అని అడుగు, తను "రెడీ" అనేదాకా చెయ్యి కదపకు. టాక్‌కి ఒక మాట, జైబ్‌కి (పడవ వెనక భాగం గాలిని దాటేలా తిరగడానికి) ఒక మాట, మూడోది వద్దు. నేలమీదా చేయొచ్చు: 420 వెడల్పు 1.63 మీటర్లు, అరుగు మీద సుద్దతో అంత గీసుకుని వంగి అటు నుంచి ఇటు దాటుతూ చెయ్యి మార్చడం అలవాటు చేసుకో. మీ ఇద్దరి మధ్య కోనసీమ మొత్తం ఉంది కాబట్టి మిగతాది ఫోన్లో. స్టాప్‌వాచ్ పెట్టి స్టార్ట్ ఆడండి: ఇంకా 5 నిమిషాలుండగా ఒక జెండా ఎగురుతుంది, 4 ఉండగా రెండోది, 1 ఉండగా ఆ రెండోది దిగుతుంది, తర్వాత స్టార్ట్. టైము తను చదవాలి, పడవ ఎక్కడ పెడతావో నువ్వు చెప్పాలి. బోల్తా పడితే సెంటర్‌బోర్డ్ (పడవ అడుగున ఉండే పలక) ఎవరెక్కుతారో, తెరచాప పక్క నీళ్లలో ఉండి పడవ లేచేటప్పుడు దాంతోపాటే లోపలికొచ్చేది ఎవరో కూడా ఇప్పుడే అనుకోండి.

లంక_బాబాయ్:
నోరు విప్పని పిల్లని వాగుడుకాయని చేయక్కర్లేదండి, ఒక్క గాలి సంగతి చెప్పమనండి చాలు. ట్రాపీజ్ మీద ఉన్నవాళ్లకి దూరం బాగా కనిపిస్తుంది, నీటి మీద నల్లగా ముడతలు పడుతూ వచ్చే గాలి జోరు "మూడు, రెండు, ఒకటి" అని లెక్కెడితే నువ్వు ముందే సర్దుకోవచ్చు. నువ్వేమో జిబ్‌కి (ముందు తెరచాపకి) అతికించిన, గాలి ఎలా తగులుతోందో చూపే ఊలు పోగులు చూసుకో. ఒకటి మాత్రం చెప్పాలి ఆ అమ్మాయికి. వాళ్లూరి దగ్గర వశిష్ఠ మొగలో (గోదావరి పాయ సముద్రంలో కలిసేచోట) మధ్యాహ్నం దాటాక సముద్రం గాలి దాదాపు ఒకే వైపు నుంచి తోస్తుంది, సాగర్‌లో అది భవంతులు తగిలి, చీలి, నిమిషానికో దిక్కు తిరుగుతుంది. పోటూ పాటూ లేవు కూడా, ఆ లెక్క బుర్రలోంచి తీసేయమను. చిన్నప్పటి లెక్క అంత తొందరగా పోదు, ఆయ్.

గౌతమి_గట్టు:
పోర్ట్ మీద (గాలి ఎడమ నుంచి తగులుతూ) వెళ్తూ స్టార్‌బోర్డ్ (గాలి కుడి నుంచి తగిలే) పడవకి అడ్డమొస్తే శిక్షగా రెండు చుట్లు తిరగాలి, మార్క్ బోయా (దారి గుర్తుగా నీటిపై తేలేది) తగిలితే ఒకటి, ఇవి నాకు తెలుసు. టెన్షన్‌లో తనకి చెప్పలేకపోతే?

పాత_క్రూ:
స్టార్‌బోర్డ్ పడవల్ని చూసే పని తనకే ఇచ్చెయ్, జిబ్ కింద నుంచి నీకు సగం కనిపించదు. మొదటి రేసు పోయిందని ఏడవకు, మొదటి స్థానానికి 1, పదో స్థానానికి 10, తక్కువ పాయింట్లున్నవాళ్లదే గెలుపు. ఒక్కసారి గెలిచి మూడుసార్లు మునిగేకంటే అన్నిట్లో అయిదో ఆరో రావడం నయం.

గౌతమి_గట్టు:
ఫోన్ చేశాను. మూడు స్టార్ట్‌లు ఆడాం, రెండిట్లో తొందరపడి గీత ముందే దాటేశాను, "నువ్వు ఆగు" అని తనే అరిచింది, అదే తన మొదటి అరుపు. "తిప్పు" అనే మాట తీసేద్దామన్నాను. వద్దంది, ఫినిష్ దాటాక ఒడ్డుకెళ్లేటప్పుడు అనాలట. వెనక నుంచి వాళ్లమ్మ "ఎవరితోనే ఈ అంకెలు, అన్నం చల్లారిపోతోంది" అంటుంటే పెట్టేసింది. రేపు ఆరింటికి మళ్లీ.