అంతర్వేది నల్ల ఇసుకలో మోనజైట్: గుండ్రటి గింజకి స్ఫటికరూపం ఎక్కడిది?

రాజోలు కుర్రాడు:
ఎమ్మెస్సీ జియాలజీ మొదటి ఏడాది చదువుతున్నానండి. పోయిన ఆదివారం అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర నల్లచారల్లోంచి గుప్పెడు ఇసుక తెచ్చి, అమ్మ బియ్యం గాలించే గిన్నెలోనే గాలించాను. తేలికది పోయి నలుపు అడుగున నిలిచింది. పాత స్పీకర్ అయస్కాంతంతో మాగ్నటైట్ లాగేశాక గులాబిరంగు గార్నెట్ల మధ్య తేనెరంగు గింజలు నాలుగైదు మిగిలాయి, లెన్స్ కింద పెడితే కోడిగుడ్లలా నున్నగా ఉన్నాయి. ఇవే మోనజైట్ (సీరియం లాంటి అరుదైన మృత్తిక లోహాల ఫాస్ఫేట్ ఖనిజం) అనుకున్నాను. పుస్తకంలో అది మోనోక్లినిక్ (ఒక అక్షం వాలిన స్ఫటికం) అని ఉంది, వీటికి ఒక్క అంచు కూడా లేదు. పైగా జెనోటైమ్ కూడా ఇలాంటి ఫాస్ఫేటే కదా, అది టెట్రాగోనల్ (అక్షాలన్నీ లంబంగా, రెండు సమానంగా ఉండే స్ఫటికం) ఎందుకైంది? రెండు రోజులుగా ఇదే ఆలోచన.

అమలాపురం మాస్టారు:
బాబూ, అంచులు అరిగిపోయాయి, అంతే. తూర్పు కనుమల ఖోండలైట్ రాళ్ళలో పుట్టినవి ఏటిలో, అలల్లో దొర్లి నునుపెక్కాయి. లోపల పరమాణువుల వరస మాత్రం చెక్కుచెదరలేదు, ఎక్స్‌రే పెడితే మోనోక్లినిక్ అనే చెబుతుంది.
ఇక రెండో ప్రశ్న, అసలు అందం అక్కడే ఉంది. రెండింట్లోనూ ఫాస్ఫరస్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు, తేడా వాటి మధ్య కూర్చునే లోహానిది. అరుదైన మృత్తిక లోహాల వరసలో లాంథనం నుంచి లుటీషియం దాకా వెళ్ళేకొద్దీ అయాన్ చిన్నదైపోతుంది. సీరియం, లాంథనం, నియోడిమియం పెద్దవి, చుట్టూ తొమ్మిది ఆక్సిజన్లు కావాలి, అందుకే వంకర అమరిక, అది మోనజైట్. ఇట్రియం, ఇటర్బియం లాంటి చిన్నవాటికి ఎనిమిది చాలు, అమరిక పొందిగ్గా జిర్కాన్ అనే ఖనిజంలా వస్తుంది, అది జెనోటైమ్. ఆ వరసలో గడోలినియం, టెర్బియం దగ్గర దారి మారుతుంది.

నరసాపురం నుంచి:
మాస్టారి మాటకి ఒకటి కలుపుతాను. మోనజైట్‌లో రేడియోధార్మిక లోహం థోరియం కూడా ఉంటుంది. దాని అయాన్ ఆవేశం 4+ కదా, 3+ ఉన్నచోట దూరితే ఆవేశాల లెక్క సరిపోదు, అందుకని పక్కన ఫాస్ఫరస్ బదులు సిలికాన్ వస్తుంది, లేదా ఇంకో సీరియం బదులు కాల్షియం వస్తుంది. ఆ థోరియం కోట్ల ఏళ్ళు రేడియేషన్ కొడుతున్నా మోనజైట్ తన దెబ్బలు తనే మాన్పుకుంటుంది, అదే జిర్కాన్ అయితే చాలాసార్లు గాజులా చెదిరిపోతుంది. నాకైతే ఈ ఖనిజంలో అన్నిటికంటే నచ్చే సంగతి ఇదే.
కానీ తమ్ముడూ, రంగు చూసి మోనజైట్ అనేయకు, స్ఫీన్ అనే ఇంకో ఖనిజం కూడా తేనెరంగులో ఉంటుంది. ఇంకా, థోరియం ఉంది కాబట్టి మోనజైట్ ప్రభుత్వ నియంత్రణలో ఉన్న పదార్థం. చూశావు కదా, ఇంక పోగుచేయకు.

రాజోలు కుర్రాడు:
ఇప్పుడర్థమైందండి, తొమ్మిదీ ఎనిమిదీ లెక్క! ఇసుక రేపు ఒడ్డునే పోసేస్తాను. ఎక్స్‌రే ప్లేట్లు ఎలా చదవాలో మాస్టారూ, వీలైతే ఇంకో రోజు చెప్పండి.