'తుఫాను'లో కాతెరీనా చావు తిరుగుబాటా, ఓటమా?

నాటకప్రియ: రష్యన్ నాటకకర్త ఒస్త్రోవ్‌స్కీ రాసిన 'తుఫాను' నాటకం 1859లో మాస్కో మాలీ థియేటర్‌లో మొదటిసారి ఆడారు. వోల్గా ఒడ్డున కలీనవ్ అనే ఊళ్లో అత్త కబనిఖా పెత్తనం కింద నలిగిపోయిన కాతెరీనా, భర్త తీఖన్ ఊళ్లో లేనప్పుడు బరీస్‌కు దగ్గరవుతుంది. అందరి ముందూ ఆ సంగతి చెప్పేసి, చివరికి నదిలో దూకుతుంది. ఇలాంటి పెత్తనాల చీకటి రాజ్యంలో ఆమె ఒక వెలుగురేఖ అని 1860లో విమర్శకుడు దొబ్రల్యూబవ్ రాశాడు. 1864లో మరో విమర్శకుడు పీసరెవ్ ఆ మాటను కొట్టిపారేశాడు. మీరెటు?

మూడో గంట: నేను పీసరెవ్ వైపే. ఆమె వేసిన ప్రతి అడుగూ ఆవేశమే. ఉరుముకీ, గోడమీది నరకం బొమ్మకీ భయపడి, ఎవరూ అడక్కుండానే తప్పు ఒప్పేసుకుంది. అదే ఇంట్లో ఆడపడుచు వర్వారా, ప్రియుడు కుద్ర్యాష్‌తో వెళ్లిపోయి బతికింది. తిరుగుబాటంటే అదీ.

తెర వెనుక: వర్వారాతో పోల్చడం అన్యాయమండీ. ఆ ఊళ్లో పెళ్లికాని పిల్లకు తిరిగే వీలుంది. నీ రోజులొచ్చేదాకా తిరుగు అని కబనిఖాయే కూతురితో అంటుంది. పెళ్లయిందా, ఇక గడప దాటకూడదు. పైగా వర్వారాకు అబద్ధం అలవాటు, కాతెరీనాకు అది చేతకాదు.

ఆవేశం అన్నారు. ఆమె ఎంతగా సాయం అడిగిందో చూడండి. మాస్కో వెళ్తున్న భర్తను తననూ తీసుకెళ్లమంది. కాదంటే, పరాయివాళ్లను చూడనని కనీసం నాచేత ఒట్టయినా వేయించుకో అని మోకాళ్లమీద పడింది. రెండు వారాలు తల్లి నుంచి తప్పించుకుంటే చాలన్న తొందరలో అతను వినలేదు. చివర్లో, చైనా సరిహద్దున క్యాఖ్తాకు పోతున్న బరీస్‌ను కూడా అడిగింది. కుదరదు, నా ఇష్టంతో పోవడం లేదు అన్నాడు. అడగగలిగిన ఇద్దరినీ అడిగిన మనిషిని ఆవేశపరురాలు అనడం నాకు చాలా బాధగా ఉంది.

నాటకప్రియ: నిజమే. అయితే దొబ్రల్యూబవ్ కూడా ఆమె పాపభయాన్ని తక్కువ చేశాడనిపిస్తుంది. రష్యాలో రైతుల బానిసత్వం రద్దయ్యేది 1861లో. దానికి ఏడాది ముందు రాస్తున్న మనిషికి తిరుగుబాటే కనపడింది. ఆమెకు మాత్రం నరకం నిజం. అత్త లేకపోయినా ఆ భయం ఆమెను వదిలేది కాదు.

తెర వెనుక: భయం ఉన్నా దూకిందిగా! శవం పక్కన తీఖన్ మొదటిసారి తల్లిమీద అరుస్తాడు, మీరే చంపారని. కాతెరీనా బతికుండగా నోరెత్తని వాడు ఊరందరి ముందూ అరిచాడు. అది ఆమె సాధించిందే.

మూడో గంట: ఆ అరుపుకు కబనిఖా జవాబు గుర్తుందా? "సరే, ఇంటికెళ్లాక నీతో మాట్లాడతా." అంతే. తీఖన్ మళ్లీ ఆ ఇంటికే పోవాలి. అందుకే ఓటమి అంటున్నాను.