కాలనీ సమావేశంలో ఫోనులో ఎత్తిన చేయి లెక్కలోకి రాదా?

రాత్రిషిఫ్టు
తిరుపతివాళ్లే కాదు, కాలనీ సంఘాల్లో పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పండి. మా సంఘం సర్వసభ్య సమావేశాన్ని పండుగ సెలవు రోజు సాయంత్రం ఆరింటికి పెట్టారు. మాకు నడిచేది అమెరికా క్యాలెండరు, మన పండుగకు సెలవు దొరకదు. అందుకని ఇంటి నుంచి పనిచేసే పదకొండు మంది సభ్యులం వీడియో కాల్‌లో చేరాము. మేము పెట్టిన తీర్మానం ఒక్కటే: ఉదయం పదకొండు వరకు వీధుల్లోకి మైకు బండ్లు రాకూడదు. వీధి చివర గుడి షెడ్డులో కూర్చున్నవాళ్లలో అనుకూలం 14, వ్యతిరేకం 21. మా పదకొండు కలిపితే 25. కార్యదర్శి గారేమో ఫోనులో ఎత్తిన చేతులు చెల్లవని చెప్పి, తీర్మానం వీగిపోయినట్టు పుస్తకంలో రాసేశారు. ఇదేం పద్ధతి?

చిత్తూరుబెల్లం
సంఘం రిజిస్టరు అయిందా? అయితే ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కిందే అయి ఉంటుంది. ముందు మీ నిబంధనావళి చూడాలి. ఇక వీడియో సంగతంటారా, కంపెనీల చట్టం, 2013లోని 173వ సెక్షన్ ప్రకారం డైరెక్టర్లు వీడియోలో కూర్చునే బోర్డు సమావేశం జరుపుకోవచ్చు. కోవిడ్ వచ్చాక 2020లో వాటాదారుల వార్షిక సమావేశాలకూ కేంద్రం ఆ వీలు కల్పించింది. సుప్రీంకోర్టు వాదనలే వీడియోలో వింటున్నప్పుడు మీ కార్యదర్శికి వచ్చిన ఇబ్బంది ఏమిటో!

రేణిగుంటరైలు
ఇంట్లోనే ఉన్న పదకొండు మంది వీధి చివర గుడి దాకా రాలేకపోయారా?

రాత్రిషిఫ్టు
ఇంట్లో ఉంటే ఖాళీగా ఉన్నట్టేనా? లాగిన్ అయ్యాక కాసేపు మౌస్ కదలకపోతే మన పేరు పక్కనున్న ఆకుపచ్చ చుక్క పసుపు రంగులోకి మారుతుంది. ఆ చుక్కను చూసే మనిషి ఎక్కడో ఉంటాడు. గుడి దాకా వెళ్లి రావడం కాదు, పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పరుగెత్తినా సంజాయిషీ చెప్పుకోవాలి. షిఫ్టు అయ్యేసరికి తెల్లవారుజామున మూడు. ఏడింటికల్లా కిటికీ కింద "నాలుగు కిలోలు వంద, మదనపల్లె టమాటా" మొదలవుతుంది. మనిషి అరిస్తే ఒకసారి ఊపిరి తీసుకోవడానికైనా ఆగుతాడు, రికార్డు చేసిన గొంతు ఆగదు.

నిబంధనావళిలో ఉన్నది ఇది: హాజరైన సభ్యులు చేతులెత్తి, మెజారిటీతో నిర్ణయించాలి. ఫోను అని లేదు. ఫోను కూడదని కూడా లేదు.

పాతపంతులు
లేనిదాన్ని ఉన్నట్టు చదవడం ఈ కాలపు విద్య కాబోలు. ముప్పై ఏళ్ల పైన హాజరు పట్టీ రాసినవాణ్ని, ఒకడి పేరు పిలిస్తే ఇంకొకడు పలకడం ఎన్నిసార్లు చూశానో. ఫోనులో అగ్గిపెట్టెలంత గడుల్లో కనిపించే చేతులు ఎవరివని లెక్కపెట్టాలి? సభ్యురాలిదా, ఆమె తమ్ముడిదా? పైగా ఆ ఫోనును నీళ్ల సీసాకు ఆనించి పెడతారు, ఫ్యాను గాలికి అది బోర్లా పడుతుంది. అప్పుడు పైకప్పు రేకులకు ఓటు వేయించుకోవాలా?

సమావేశం అంటే ఓట్లు కూడటం ఒక్కటే కాదు. ఎదుటివాడి మాట విని మనసు మార్చుకునే అవకాశం ఉండాలి. మీ పదకొండు మందిలో ఎంతమంది మిగతావాళ్ల మాటలు విన్నారు? మైకు మూసుకుని, కెమెరా మూసుకుని, ఓటు సమయానికి మాత్రం చేయి ఎత్తారు.

చిత్తూరుబెల్లం
మాస్టారూ, చేయి ఎవరిదన్న అనుమానానికి మందు ఉంది. ముందుగా నమోదైన నంబరు నుంచే చేరాలి, పేరు పిలిచినప్పుడు కెమెరా తెరిచి ఉండాలి, అంతే. మీసేవ 2011 నవంబరులో మొదలైంది మా చిత్తూరు జిల్లాలోనే. అప్పుడూ ఇలాగే, కంప్యూటర్ ఇచ్చిన ధ్రువపత్రం ఎవరు నమ్ముతారన్నారు.

రాత్రిషిఫ్టు
అదే నేను అడిగేది. 2025 జనవరి 30న ప్రభుత్వమే మన మిత్ర పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. ప్రభుత్వానికి పనికొచ్చిన ఫోను మా కాలనీ సంఘానికి పనికిరాలేదు.

పాతపంతులు
ధ్రువపత్రం తీసుకోవడం వేరు, నలుగురిలో నిలబడి ఇది ఎందుకు చేశారని అడగడం వేరు. మొదటిదానికి ఫోను చాలు. రెండోదానికి గొంతు ఉండాలి, ఎదురుగా మనిషి ఉండాలి.

యంత్రాల గొప్ప నాకు చెప్పకండి. ఏడాదికోసారి బతికే ఉన్నానని రుజువు ఇవ్వాలి కదా, ఆ కేంద్రంలో నా వేలిముద్ర పడదు. సుద్దముక్క పట్టి పట్టి వేళ్లు అరిగిపోయాయి. వేలు తుడిచి పెట్టమంటాడు, తడిపి పెట్టమంటాడు, ఇంకో వేలు పెట్టమంటాడు. ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్న మనిషిని చూస్తూనే, రేపు రండి, బహుశా రేపు పడుతుంది అంటాడు.

చిత్తూరుబెల్లం
ఇప్పుడు ముఖం చూపిస్తే సరిపోతుంది మాస్టారూ. ఇంట్లో మనవడి ఫోనులోనే అయిపోతుంది.

పాతపంతులు
మనవడు బెంగళూరులో ఉన్నాడు.

కపిలతీర్థం
మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. మైకు వినబడగానే సంచి తీసుకుని నెమ్మదిగా గేటు దగ్గరకు చేరుకుంటారు. బండి అబ్బాయికి ఆమె నడక తెలుసు, ఆగుతాడు. పదకొండు దాటాక వస్తే వంట ఎప్పుడు చేయాలి? ఎండలో ఆమె ఎలా నిలబడాలి?

రేణిగుంటరైలు
చెవుల్లో దూది పెట్టుకుంటే పోయేదానికి సర్వసభ్య సమావేశమా!

చిత్తూరుబెల్లం
దూది దాకా ఎందుకు? శబ్ద కాలుష్య నియమాలు 2000లోనే వచ్చాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. లౌడ్‌స్పీకరు వాడాలంటే అధికారుల నుంచి లిఖితపూర్వక అనుమతి ఉండాలి. కూరగాయల బండికి ఆ అనుమతి ఎవరు తీసుకుంటారు? రాత్రిషిఫ్టు గారూ, మీకు తీర్మానమే అక్కర్లేదు, ఒక ఫిర్యాదు చాలు.

రాత్రిషిఫ్టు
ఆ సంగతి నాకు తెలుసు. బండి అబ్బాయి మీదికి పోలీసులను పంపడం ఇష్టం లేకనే తీర్మానం దారి పట్టాను. నలుగురం కలిసి ఒక వేళ పెట్టుకుంటే అతనికీ ఇబ్బంది ఉండదనుకున్నాను.

ఒక మాట మాత్రం అడగాలి మాస్టారూ. ఫోనును నీళ్ల సీసాకు ఆనించారని, అది బోర్లా పడిందని నేను ఎక్కడా రాయలేదు. పైన రేకులున్నాయని కూడా రాయలేదు. మీరు ఆ షెడ్డులోనే ఉన్నారన్నమాట!

రేణిగుంటరైలు
ఇప్పుడు రసకందాయంలో పడింది.

పాతపంతులు
ఉన్నాను. వ్యతిరేకంగా చేయి ఎత్తిన 21 మందిలో నేనూ ఒకణ్ని. దాచుకోవలసిన అవసరం లేదు. మీరు మన కాలనీ పేరు రాయలేదు, కాబట్టి నేనూ రాయలేదు.

రాత్రిషిఫ్టు
అయితే ఇంతసేపూ ఎవరికో జరిగినట్టు నీతులు చెప్పారు! 2021 నవంబరు వరద గుర్తుందా? తిరుపతి సగం నీళ్లలో ఉంటే, ఎవరి ఇంట్లో ముసలివాళ్లున్నారు, ఎవరికి మందులు అయిపోయాయి, పాల ప్యాకెట్లు ఎక్కడ దొరుకుతున్నాయి అని జాబితా రాసింది ఈ ఫోను మనుషులే. రాయలచెరువు కట్ట తెగుతుందని పుకార్లు పుడుతుంటే ఏది నిజమో కనుక్కుని గ్రూపులో పెట్టింది మేమే. ఆ రోజు మా మాట చెల్లింది, ఈ రోజు మా చేయి చెల్లలేదు.

పాతపంతులు
గుర్తుంది. మా వీధిలో కరెంటు పోయింది, ఫోన్లు చచ్చాయి. మీ జాబితా అందేలోపు మోకాలి లోతు నీళ్లలో తాడు పట్టుకుని వచ్చింది ఎవరో తెలుసా? మీరు రావద్దంటున్న ఆ బండి అబ్బాయి, వాళ్ల నాన్న. బండిలో మిగిలిన సరుకు పంచిపెట్టి, మా ఆవిడను మేడ మీదికి చేర్చారు.

రాత్రిషిఫ్టు
అతణ్ని రావద్దని ఎవరన్నారు? పదకొండు దాటాక రమ్మన్నాము. పొట్టకూటి కోసం నేను మాత్రం సరదాగా రాత్రిళ్లు మేలుకుంటున్నానా? 2020 నవంబరులో టెలికాం శాఖ నిబంధనలు సడలించింది. మా లాంటి ఉద్యోగాల్లో ఇంటి నుంచి చేసే పనికి చట్టబద్ధత వచ్చింది, ఇల్లు ఆఫీసుకు పొడిగింపు అయింది. దానివల్లే పెళ్లయ్యాక కూడా ఉద్యోగం మానకుండా, అమ్మానాన్నలను చూసుకుంటూ సొంత ఊళ్లో ఉండగలుగుతున్నాను.

పాతపంతులు
ఇల్లు ఆఫీసుకు పొడిగింపు, సరే. వీధి కూడానా? మీ కంపెనీకి భవనం అద్దె మిగిలింది, కరెంటు బిల్లు మిగిలింది, నిశ్శబ్దం మాత్రం మా వీధి నుంచి ఉచితంగా కావాలి. బండి అబ్బాయి సంపాదనంతా ఆ ఉదయం నాలుగు గంటల్లోనే. పదకొండు తరువాత టమాటా ఎవరు కొంటారమ్మా? మీ నిద్ర విలువ అతని పూట కూలి నుంచి కోసి ఇవ్వమంటున్నారు. అడగవలసింది మీ కంపెనీని, షిఫ్టు మార్చమని.

రాత్రిషిఫ్టు
కంపెనీని అడిగితే ఆ ఉద్యోగానికి ఇంకొకరు దొరుకుతారు. మీకు పింఛను వస్తుంది, మీరు చెప్పగలరు.

స్వర్ణముఖి
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాకూ తిరుపతిలో ఇల్లుంది, ఉండేది బెంగళూరులో. కాలనీ చందా ప్రతి ఏడాదీ కడుతున్నాను, సమావేశానికి మాత్రం ఒక్కసారీ రాలేకపోయాను. ఫోనులో ఓటు ఇస్తే నాలాంటివాళ్లకూ న్యాయం జరుగుతుంది. మా వీధి చివర గేటు పెట్టి కాపలా మనిషిని ఉంచాలని ఎప్పటినుంచో అడుగుతున్నాను.

పాతపంతులు
చూశారా, నా భయం ఇదే. ఆ పదకొండు చేతులతో ఆగదు. ఈ రోజు మూడో వీధిలో ఉన్న అమ్మాయి ఫోను ఓటు, రేపు బెంగళూరు ఓటు, ఎల్లుండి డల్లాస్ ఓటు. మా కాలనీలో తాళాలు వేసిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. వాటి యజమానులంతా ఫోనులో చేతులెత్తి వీధికి గేటు పెట్టిస్తారు, బండ్లు ఆపిస్తారు. ఆ గేటు ముందు నిలబడి తాళం కోసం ఎదురుచూసేది మేము.

చిత్తూరుబెల్లం
గ్రామసభకు ఈ చిక్కు లేదు. రాజ్యాంగం 243వ అధికరణ ప్రకారం పంచాయతీ పరిధిలోని ఓటర్ల జాబితాలో పేరున్నవాళ్లే సభ్యులు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. మా ఊరి సభను బెంగళూరులో ఉన్న మా పిన్ని కొడుకు ఫోనులో చూశాడు. రోడ్డు గురించి ఒక ప్రశ్న అడగమని నాకు సందేశం పెట్టాడు, నేను లేచి అడిగాను. అలా చేస్తే సరిపోదా?

రాత్రిషిఫ్టు
నన్ను స్వర్ణముఖి గారితో ఒకే గాటన కట్టకండి. నేను ఇక్కడే ఉంటాను. ఈ వీధి నీళ్లే తాగుతాను, ఈ వీధి దోమలే కుడతాయి. ఊళ్లో ఉండి ఫోనులో చేరినవాళ్లకు ఓటు ఇవ్వండి, ఊరు దాటినవాళ్లకు వద్దు. నాకు అభ్యంతరం లేదు.

స్వర్ణముఖి
చందా కట్టేటప్పుడు మాత్రం ఊరు దాటినవాళ్లు కావాలి!

అద్దెఇల్లు
ఇంతసేపూ చదువుతూ వచ్చాను. నేను అద్దెకుంటాను. కొర్లగుంట నుంచి అద్దెలు భరించలేక ఒక్కొక్క కాలనీ మారుతూ వచ్చినవాణ్ని. ఇప్పుడున్న కాలనీలో నెలనెలా చెత్తకు, కాపలాకు నా వంతు నేనే ఇస్తాను. బోరు పాడైతే బిందెలు మోసేది నేను. సమావేశానికి వెళ్తే యజమానిని తీసుకురమ్మన్నారు. ఆయన హైదరాబాదులో ఉంటాడు. రాత్రిషిఫ్టు గారూ, ఉండేవాళ్లకే ఓటు అన్నారు. మరి నాకు ఇస్తారా? మాస్టారూ, ఎదురుగా నిలబడి అడగాలన్నారు. నేను నిలబడే అడిగాను.

కపిలతీర్థం
ఇది ఎవరూ ఆలోచించలేదు.

చిత్తూరుబెల్లం
ఆ మాటకొస్తే బండి అబ్బాయికి మాత్రం ఎక్కడ చోటుంది? వీధి వ్యాపారుల చట్టం, 2014 ప్రకారం పట్టణ వ్యాపార కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారుల ప్రతినిధులు ఉండాలి, వాళ్లలో మూడోవంతు మహిళలు. అతని బేరం వేళ గురించి కాలనీ సంఘం ఒక్కటే కూర్చుని తేల్చడం సరికాదు. కనీసం పిలిచి అడిగారా?

రాత్రిషిఫ్టు
పిలవలేదు. 21 మందీ అతని తరఫున మాట్లాడారు కానీ వాళ్లూ పిలవలేదు. అద్దెఇల్లు గారి ప్రశ్నకు నా జవాబు: అవును, ఇవ్వాలి. దానికి నిబంధనావళి మార్చాలి.

పాతపంతులు
ఇల్లు అమ్మి రేపు వెళ్లిపోయే యజమాని కంటే అద్దెకుండే మనిషికే వీధి మీద ఎక్కువ పట్టింపు ఉండవచ్చు, ఒప్పుకుంటాను. కానీ కాలనీ పెద్దల్లో సగం మందికి ఈ అద్దెల మీదే బతుకు. వాళ్లు ఒప్పుకోరు. చేతనైతే ప్రత్యేక సర్వసభ్య సమావేశం కోరుతూ సంతకాలు పెట్టి ఇవ్వండి. మూడు అంశాలు రాయండి: ఫోను ఓటు, అద్దెవాళ్ల సభ్యత్వం, మైకు. బండి అబ్బాయిని నేను తీసుకొస్తాను. మొదటిదానికి మాత్రం నా ఓటు వ్యతిరేకమే.

రాత్రిషిఫ్టు
ఆదివారం పెడితే వస్తాను. లేఖను వాట్సాప్‌లో పంపనా?

పాతపంతులు
కాగితం మీద. సంతకాలతో.

స్వర్ణముఖి
నా సంతకం స్కాన్ చేసి పంపితే?

రేణిగుంటరైలు
మళ్లీ మొదలు!