ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) వేటకు రాగి బుల్లెట్టా, సీసం బుల్లెట్టా? (.308, .30-06 తూటాల రైఫిళ్లు వాడేవాళ్లకు)

రాకీ_గాలి:
అమెరికాలోని కొలరాడో నిబంధన ప్రకారం ఎల్క్‌కు కనీసం 85 గ్రెయిన్ల (సుమారు 5.5 గ్రాముల), తగిలాక విచ్చుకునే బుల్లెట్ ఉండాలి. 100 గజాల దగ్గర 1,000 ఫుట్‌పౌండ్ల శక్తి మిగలాలి. .30-06 ఈ గీతను తేలిగ్గా దాటేస్తుంది. కాబట్టి అసలు గొడవ శక్తి గురించి కాదు, లోపలికెళ్లాక బుల్లెట్ ఏం చేస్తుందన్నదే. నా ఓటు రాగికి. పెద్ద మగ ఎల్క్ 300 కిలోలు దాటుతుంది. దగ్గర్లో, మంచి వేగం మీద జబ్బ ఎముకకు తగిలితే మామూలు సీసం బుల్లెట్ తొడుగు ఒకవైపు, సీసం ఒకవైపు అయి అక్కడే ఆగిపోవచ్చు. రాగిది సాధారణంగా 95 శాతం పైగా బరువు నిలుపుకుని అవతలి చర్మం చీల్చుకు పోతుంది. రెండు రంధ్రాలు పడితే నెత్తుటి జాడ దొరుకుతుంది.

పల్నాటి_గురి:
అన్నా, సగమే చెప్పావు. రాగికి వేగం కావాలి. బుల్లెట్ ముక్కున ఉన్న గుంటలోకి తడి కండ దూరి, ఆ ఒత్తిడికే రేకులు విప్పారతాయి. తగిలేటప్పుడు సెకనుకు 2,000 అడుగులకు తగ్గితే అనుమానమే. 1,800 కిందికి పోతే చాలావాటి గాయం దబ్బనం గుచ్చినట్టుంటుంది. .308లో 165 గ్రెయిన్లది 2,700తో బయల్దేరినా 350–400 గజాల మధ్యే ఆ 2,000 గీత వచ్చేస్తుంది. దూరాలకని చేసిన మెత్తని సీసం బుల్లెట్లు 1,600 దగ్గర కూడా విచ్చుకుంటాయి.

మందు_కొలత:
ఇద్దరూ సాంద్రత మరిచారు. ఘన సెంటీమీటరుకు రాగిది 8.96 గ్రాములు, సీసానిది 11.34. అంటే అదే బరువుకు రాగి బుల్లెట్ పొడుగవుతుంది, కేసులో (తూటా గొట్టంలో) మందు చోటు తినేస్తుంది. అందుకే సీసంలో 180 వాడేవాళ్లు రాగిలో 150కో 165కో దిగాలి. బరువు తగ్గితే వేగం పెరుగుతుంది, పల్నాటి గారి అభ్యంతరం కొంత అక్కడే తీరుతుంది. సొంతంగా నింపుకునేవాళ్లు సీసానికి రాసిన మందు కొలత రాగికి వాడొద్దు, పీడనం హద్దు దాటొచ్చు. బుల్లెట్‌ను రైఫ్లింగ్‌కు (బ్యారెల్ లోపలి మెలి గాడులకు) 0.050 అంగుళం వెనక కూర్చోబెట్టి మొదలుపెట్టండి. బ్యారెల్‌లో పేరుకున్న పాత పొర తుడవకుండా రాగికి మారితే గ్రూపు (అట్ట మీద దెబ్బలు ఒక్కచోట పడటం) చెదురుతుంది, తిట్లు మాత్రం బుల్లెట్‌కు పడతాయి.

పల్నాటి_గురి:
ఒప్పుకుంటా. కానీ సీసమంటే పలచటి తొడుగువే కాదుగా! 1948 నుంచి ఉన్న నాస్లర్ పార్టిషన్ బుల్లెట్ చూడండి. ముందు సగం చిట్లి గాయాన్ని వెడల్పు చేస్తుంది, మధ్యలోని అడ్డుగోడ వెనక సగాన్ని కాపాడి లోతుకు తోస్తుంది. మూడో వంతు బరువు పోతుంది, పోవాలనే అలా చేశారు. సీసాన్ని తొడుగుకు అతికించిన బాండెడ్ రకాలు ఇంకా ఎక్కువ నిలుపుకుంటాయి.

రాకీ_గాలి:
చిట్లిన ఆ మూడో వంతు ఎక్కడికి పోయింది తమ్ముడూ? మాంసంలోకే. ఎక్స్‌రే తీస్తే గాయానికి జానెడు అవతల కూడా సీసం నలుసులు కనిపిస్తాయి. వేలికి తగలవు, కైమా కొడితే అంతటా కలుస్తాయి. అడవిలో వదిలేసిన పేగులు తిని కాలిఫోర్నియా కాండర్ రాబందులు చచ్చాయి. 1987 నాటికి ఆ జాతిలో మిగిలినవి 27. కాలిఫోర్నియా 2019 జూలై 1 నుంచి వేటలో సీసాన్ని పూర్తిగా ఆపేసింది ఊరికే కాదు.

పల్నాటి_గురి:
కాలిఫోర్నియాలో వాదనే లేదు. కొలరాడోలో మాత్రం నెత్తురు గడ్డకట్టిన జబ్బంతా వెడల్పుగా కోసి పారేస్తే చాలావరకు సరిపోతుంది. 400 గజాల షాట్‌కు నా మాట సీసమే. 200 లోపయితే రాగికి అడ్డు చెప్పను.

కొత్త_గురి:
మందు_కొలత గారూ, ట్విస్ట్ (రైఫ్లింగ్ గాడుల మెలిక) సంగతి?

మందు_కొలత:
.30 క్యాలిబర్‌లో 10 అంగుళాలకు ఒక చుట్టు ఉంటే 180 గ్రెయిన్ల రాగి కూడా నిలబడుతుంది. 12 అంగుళాల పాత .308 అయితే 150 దాటొద్దు. అట్ట మీద రంధ్రం గుండ్రంగా కాక కోలగా పడిందంటే బుల్లెట్ దొర్లుతూ పోతున్నట్టే, ఇంకా చిన్న బరువుకు దిగండి.